యంత్రం మారినా లెక్క మారరాదు

(కొత్తచెరువులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం పేరు కొంచెం భయపెట్టేదిగానే ఉంది. "సంస్థల మధ్య ఎలక్ట్రానిక్ వ్యాపారంలో ఉమ్మడి ప్రమాణాలు" అని ఆహ్వాన పత్రంలో వేశారు. ఇది కంప్యూటరు చదివినవారి వ్యవహారం గదా, పాలు పిండుకునే మనకెందుకని ఉదయం ఇద్దరు ముగ్గురు సంఘాధ్యక్షులు మమ్మల్ని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మన సంఘం ఒక సంస్థ. పాలు తీసుకునే సమాఖ్య మరొక సంస్థ. బిల్లు జమచేసే బ్యాంకు ఒకటి, దాణా పంపే మిల్లు ఒకటి. ఇదివరకు వీటి మధ్య చలానాలు, రసీదులు, ట్రక్ షీట్లు తిరిగేవి. ఇప్పుడు ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి అంకెలు పోతున్నాయి. పంపిన యంత్రం ఏ అర్థంతో పంపిందో, అందుకున్న యంత్రం అదే అర్థంతో చదవాలి. ఆహ్వాన పత్రంలోని పెద్ద మాటకు అర్థం ఇంతే.

అలా చదవకపోతే వచ్చే తేడా ఎవరిమీద పడుతుంది? మేము ఇన్నేళ్లుగా సంఘాల లెక్కలు చూస్తున్నంతలో అది మెట్టు మెట్టుగా కిందికి దిగి, చివరకు పాలు పోసినవారి పాస్ పుస్తకంలో ఆగుతుంది. మన సీమలో వాన తప్పితే శెనక్కాయ పోతుంది. ఆ ఏడు ఇంటికి వచ్చే రొక్కమల్లా పదిహేను రోజులకొకసారి వచ్చే పాలబిల్లే. అందులో రూపాయి తరిగినా మనం పట్టించుకోవలసిందే.

పెద్దలకు ఈ చిక్కు కొత్త కాదు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఎనిమిది వీశెలు ఒక మణుగు. అది 25 పౌండ్లు, నేటి లెక్కలో 11 కిలోల పైచిలుకు. రైల్వేవారి మణుగు 82 పౌండ్ల పైన, అంటే 37 కిలోల పైచిలుకు. మాట ఒకటే, బరువులో మూడింతల తేడా. పది మణుగుల సరకని ఉత్తరం వస్తే ఏ మణుగని తిరిగి అడిగినవాడు బతికాడు, అడగనివాడు మునిగాడు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 నుంచి కిలోలు అంచెలంచెలుగా అమలయ్యాక గాని ఆ తగాదా తీరలేదు.

ఇంకొక సంగతి చూడండి. గుంతకల్లులో ఒకప్పుడు బ్రాడ్ గేజి, మీటరు గేజి పట్టాలు రెండూ కలిసేవి. ఒకదాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, రెండవదానిది 1,000 మిల్లీమీటర్లు. ఈ పట్టాల వ్యాగను ఆ పట్టాల మీదికి పోదు. హమాలీలు మూటలు దించాలి, పక్క బండికి ఎక్కించాలి. దించేటప్పుడు కొన్ని చినిగేవి, కొన్ని లెక్క తప్పేవి. మన ధర్మవరం, పాకాల మార్గం కూడా చాలాకాలం మీటరు గేజిగా ఉండి తరువాత మారింది. పట్టాలు ఒకటయ్యాయి గాని, ఆ హమాలీ పని ఇప్పటికీ కొన్ని పాల సంఘాల్లో జరుగుతూనే ఉంది. చేస్తున్నది కార్యదర్శి. సంఘం యంత్రం ఇచ్చిన స్లిప్పు చూసి ఒకసారి రిజిస్టరులో రాస్తాడు. సమాఖ్యవారి కంప్యూటరుకు సరిపోయేలా రెండవసారి కొడతాడు. బ్యాంకు అడిగిన పట్టిక కోసం మూడవసారి కొడతాడు. మూడుసార్లు ఎక్కించి దించితే ఎక్కడో ఒకచోట 6.5 కాస్తా 5.6 కాక తప్పదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఇక అసలు పాల సంగతికి వద్దాం. పాలు నీళ్లకంటె బరువు. లీటరు పాలు సుమారు కిలో 30 గ్రాములు తూగుతాయి. ఒక సంఘంలో లీటర్ల కొలతతో పోయించుకుంటారు, ఇంకొక సంఘంలో ఎలక్ట్రానిక్ కాటా మీద కిలోల్లో తూస్తారు. రెండూ సరైన పద్ధతులే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, 400 అని మాత్రం పంపి, లీటర్లో కిలోలో పంపకపోవడంలో. 400 లీటర్లంటే 412 కిలోలు. మన యంత్రం లీటర్లుగా పంపిన 400ను అవతలి యంత్రం కిలోలుగా చదివిందనుకోండి, పూటకు 12 కిలోల పాలు కాగితం మీద మాయమవుతాయి. రోజుకు 24, నెలకు 720 కిలోలు. ఎవరూ దొంగిలించలేదు, ఒక్క చుక్కా నేలపాలు కాలేదు. అయినా పాలు తరుగు పోయాయని రాసుకోవలసి వస్తుంది. సభ్యులు కార్యదర్శిని అనుమానిస్తారు, కార్యదర్శి టాంకరు డ్రైవరును అనుమానిస్తాడు, సర్వసభ్య సమావేశంలో గొడవ లేస్తుంది, ఆ తరువాత మాకు అర్జీ వస్తుంది. అర్జీలో దొంగతనమని ఉంటుంది. విచారణలో దొరికేది కొలత పేరు లేని అంకె.

దీనికంటె లోతుగా ఉండేది ఎస్.ఎన్.ఎఫ్. లెక్క. వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం అది. వెన్నను టెస్టరు కొలుస్తుంది. లాక్టోమీటరు పెట్టి చూసే చోట ఎస్.ఎన్.ఎఫ్.ను మనం సూత్రం వేసి రాబడతాం. దిద్దిన లాక్టోమీటరు రీడింగును నాలుగుతో భాగించి, వెన్న శాతంలో కొంత భాగం కలిపి, చివర ఒక స్థిర సంఖ్య కలపాలి. ఇంతవరకు అందరిదీ ఒకటే. కాని ఎంత భాగం, ఏ సంఖ్య అన్నచోట వాడుకలు వేరు. ఒక వాడుకలో వెన్నను 0.25తో గుణించి 0.44 కలుపుతారు. ఇంకొక వాడుకలో 0.21తో గుణించి 0.36 కలుపుతారు. లాక్టోమీటరును ఏ ఉష్ణోగ్రతకు తయారుచేశారన్న దానిని బట్టి కూడా ఈ సంఖ్యలు మారుతాయి.

ఒక ఎనుము పాలు తీసుకుందాం. రీడింగు 28, వెన్న 6 శాతం. మొదటి సూత్రం ప్రకారం 7, ఒకటిన్నర, 0.44 కలిపితే 8.94 వస్తుంది. రెండవ సూత్రం ప్రకారం 7, 1.26, 0.36 కలిపితే 8.62 వస్తుంది. అవే పాలు, అదే క్యాను, అదే లాక్టోమీటరు. తేడా 0.32. కిలో ఎస్.ఎన్.ఎఫ్. ధర రూ. 300 అని లెక్కకోసం అనుకుంటే, వంద కిలోల పాలకు రూ. 96 తేడా. రోజుకు పది లీటర్లు పోసే ఇంటికి నెలకు దాదాపు మూడు వందల రూపాయలు. సంఘం యంత్రంలో ఒక సూత్రం, శీతల కేంద్రం యంత్రంలో ఒక సూత్రం ఉంటే ఆ మూడు వందలు ఎక్కడినుంచి రావాలి? సంఘం తన మార్జిను నుంచి భరించాలి, లేదా సభ్యునికి కోయాలి.

ఏ సూత్రం మంచిదని మమ్మల్ని అడగకండి. అది డెయిరీ శాస్త్రం చదివినవారు, చేతిలో ఉన్న లాక్టోమీటరును చూసి చెప్పవలసిన మాట. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఒకే సూత్రం వాడుతున్నారా, అది స్లిప్పు మీద ముద్రితమై ఉందా అన్నది మాత్రం మేము అడుగుతాం, మీరూ అడగాలి. కొత్తరకం అనలైజర్లు సూత్రంతో పనిలేకుండా వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ చూపుతాయి. అక్కడ యంత్రాన్ని ఏ నమూనా పాలతో సరిచూశారన్నది సూత్రానికి బదులు అడగవలసిన ప్రశ్న. అలాగే 6.47 వస్తే ఒక యంత్రం 6.4 అని కోసేస్తుంది, ఒకటి 6.5 అని సవరిస్తుంది. ఇదీ ముందే తేల్చుకోవలసినదే.

తరువాతిది సభ్యుల కోడు. సంఘంలో 17వ సభ్యురాలు లక్ష్మమ్మ గారనుకుందాం. సంఘం యంత్రంలో ఆమె 17. సమాఖ్య పట్టికలో 0017. మనిషి కంటికి రెండూ ఒకటే. యంత్రానికి ఇద్దరు వేరు మనుషులు. కంప్యూటరు పట్టికల్లో ముందున్న సున్నాలు వాటంతటవే రాలిపోతాయని చాలామంది కార్యదర్శులకు అనుభవమే. సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా సంఖ్యకు ఇలాగే అంకె తక్కువవుతుంది. పదహారంకెల ఖాతా సంఖ్యకు ఇంకొక గండం ఉంది. అలాంటి పట్టికలో దానిని మామూలు సంఖ్యగా కొడితే పదిహేనంకెలు నిలిచి చివరిది సున్నా అయిపోతుంది. పశువు చెవిపోగు మీది పన్నెండంకెల సంఖ్య మరీ కుంచించుకుని, నడుమ ఒక ఇంగ్లీషు అక్షరంతో కనబడుతుంది. మందు చిన్నదే. కోడును సంఖ్యగా కాక అక్షరాల వరుసగా ఉంచమని పట్టిక తయారుచేసేవారికి చెప్పాలి.

తేదీల గొడవ కూడా ఇలాంటిదే. 05-08 అంటే మనకు ఆగస్టు 5. అమెరికా పద్ధతిలో తయారైన సాఫ్ట్‌వేరుకు మే 8. అందుకే 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. 8601 అని ఒక ప్రమాణం పెట్టింది. ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు. ఇక తెలుగు పేర్లు. పాత తెలుగు ఫాంట్లలో డి.టి.పి. చేయించిన సభ్యుల జాబితాను వేరే కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడ్ పద్ధతిలో కొట్టిన తెలుగు ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనబడుతుంది. 1991 నుంచే అందులో తెలుగుకు చోటుంది. జాబితాలు ఇకముందు అలాగే కొట్టించండి. ఖర్చు ఎక్కువ కాదు.

బ్యాంకు కోడ్ల సంగతి మీకు స్వయంగా తెలుసు. ఐ.ఎఫ్.ఎస్. కోడులో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకువి, అయిదవది సున్నా, మిగిలిన ఆరు శాఖవి. దేశంలో ఏ బ్యాంకుకైనా ఇదే కట్టుబాటు గనుకనే కొత్తచెరువు ఖాతాకు ఎక్కడినుంచైనా డబ్బు వస్తుంది. కట్టుబాటు ఒకటే అయినా కోడు మారవచ్చు. మన జిల్లాలో పాతుకుపోయిన సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసింది. ఎస్.వై.ఎన్.బి. అని మొదలయ్యే పాత కోడ్లు 2021 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. 2025 మే 1న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు మిగిలిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు సభ్యుల వివరాలు ఒకేచోట ఉంటే ఒక్కసారి దిద్దితే చాలు. సంఘంలో ఒక పట్టిక, సమాఖ్యలో ఒక పట్టిక, సాఫ్ట్‌వేరు అమ్మినవాని దగ్గర ఒక పట్టిక ఉంటే, రెండు దిద్ది మూడవది మరిచిపోతారు. బిల్లు తిరిగివస్తుంది.

ఈ తలనొప్పి మనకొక్కరికే వచ్చింది కాదు. నౌకల్లో సరకు పంపే పెద్ద దేశాలవారు కూడా ఒకరి బిల్లు ఒకరి కంప్యూటరుకు అర్థంకాక అవస్థపడ్డారు. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫాక్ట్ అనే ప్రమాణం వచ్చింది. ఆర్డరు, బిల్లు, సరకు రవాణా పత్రం ఏ వరుసలో ఉండాలో అది నిర్ణయించింది. 2001లో ఇంటర్నెట్టుకు తగినట్లు ఇ.బి.ఎక్స్.ఎం.ఎల్. అని మరొకటి, 2004లో యు.బి.ఎల్. అని వ్యాపార పత్రాల ఉమ్మడి భాష ఒకటి వచ్చాయి. ఈ పేర్లు మీరు గుర్తుంచుకోనక్కరలేదు.

మన దేశంలో ఈ పని జి.ఎస్.టి. ఇ-ఇన్వాయిస్ రూపంలో ఇంటి గడపదాకా వచ్చింది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల పైబడిన టర్నోవరు గల సంస్థలతో మొదలై, దశలవారీగా దిగి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన సంస్థలకు వర్తిస్తోంది. ప్రభుత్వం అందరినీ ఒకే సాఫ్ట్‌వేరు కొనమనలేదు, ఇది గమనించండి. ఖాతాలు ఎవరి సాఫ్ట్‌వేరులోనైనా రాసుకోవచ్చు. బయటికి వచ్చే బిల్లు మాత్రం నిర్ణయించిన నమూనాలో ఉండాలి. అమ్మినవారి సంఖ్య ఎక్కడ, సరకు కోడు ఎక్కడ, కొలమానం ఎక్కడ అన్నది అందరికీ ఒకటే. ఆ బిల్లు పోర్టలుకు వెళితే 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, క్యు.ఆర్. ముద్ర వస్తాయి. కొన్నవారి యంత్రం దానిని మళ్లీ కొట్టకుండా చదువుకోగలదు. పదిహేను అక్షరాల జి.ఎస్.టి. సంఖ్యలో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. మనది 37, తెలంగాణది 36. చివరి అక్షరం ముందున్నవాటిని సరిచూసేందుకు పెట్టిన కాపలా. మధ్యలో ఒక్క అక్షరం తప్పు కొట్టినా యంత్రం పట్టేస్తుంది. మన సభ్యుల కోడ్లకు కూడా అలాంటి కాపలా అక్షరం ఒకటి ఉంటే బాగుండునని మాకు అనిపిస్తుంది.

పచ్చి పాల మీద జి.ఎస్.టి. లేదు, పల్లె సంఘానికి అయిదు కోట్ల టర్నోవరూ ఉండదు. కనుక ఆ నియమం మనకు నేరుగా తగలదు. నెయ్యి, వెన్న టోకున అమ్మే సంస్థలకు తగులుతుంది. వారు అటు పెద్ద దుకాణాలతో ఒక నమూనాలో బిల్లులు నడుపుతూ, ఇటు మన దగ్గర మాత్రం చేతిరాత చలానాలతో ఎంతకాలం సరిపెట్టుకుంటారు? నమూనా మన దాకా వస్తుంది. వచ్చేటప్పుడు మన మాట కూడా అందులో ఉండాలంటే ఇప్పుడే తెలుసుకోవాలి.

వ్యవసాయ పరపతి సంఘాల సంగతి కూడా చూశాం. ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క సాఫ్ట్‌వేరు, చాలాచోట్ల అదీ లేదు. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 63,000 సంఘాలను ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేరు మీదికి తేవడానికి రూ. 2,516 కోట్ల పథకం మంజూరు చేసింది. విడివిడిగా కొనేసిన తరువాత కలపడానికి ఎంత ఖర్చవుతుందో దానివల్ల తెలుస్తుంది. 2021 డిసెంబరులో స్థాపించిన ఓ.ఎన్.డి.సి. అనే బహిరంగ వ్యాపార వలయం ఇంకొక దారి పట్టింది. అమ్మేవారు ఒక యాప్‌లో, కొనేవారు ఇంకొక యాప్‌లో ఉన్నా, రెండు యాప్‌లూ ఒకే కట్టుబాటు పాటిస్తే బేరం కుదురుతుంది. నెయ్యి, పాలకోవా చేసే మహిళా సంఘాలకు అది పనికిరావచ్చు. పూటపూటా పోసే పచ్చిపాలకు దానితో పనిలేదని మా అభిప్రాయం.

చివరిగా యంత్రం కొనే విషయం. ఒక సంఘంలో మేము చూసిన సంగతి చెబుతాం, ఊరి పేరు అక్కరలేదు. యంత్రం, సాఫ్ట్‌వేరు ఒకే వ్యాపారి దగ్గర తీసుకున్నారు. మూడేళ్లు చక్కగా నడిచింది. తరువాత అతను రావడం మానేశాడు, ఫోను ఎత్తడం మానేశాడు. వేరే యంత్రం తెచ్చుకుందామంటే పాత లెక్కలు బయటికి రాలేదు. అతని సాఫ్ట్‌వేరుకు తప్ప మరి దేనికీ అర్థంకాని రూపంలో ఉన్నాయి. బీరువా మనది, తాళంచెవి అతని మొలతాడుకు ఉన్నది. 2018-19 నుంచి పశుపోషకులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు గదా. ఆ సంఘంలోని ఒక సభ్యురాలు దానికోసం మూడేళ్లుగా ఎన్ని పాలు పోసిందో రాసిమ్మని అడిగితే, కార్యదర్శి ఇవ్వలేకపోయాడు. ఆమె పాస్ పుస్తకం జాగ్రత్తగా దాచుకుంది గనుక గట్టెక్కింది. స్లిప్పులు వచ్చాయి గదా అని పాస్ పుస్తకాలు మానేసిన సంఘాలు ఇది ఆలోచించాలి.

అందువల్ల కొనుగోలు ఒప్పందంలో కొన్ని మాటలు తెలుగులోనే రాయించుకోండి. లెక్కలన్నీ సంఘం ఆస్తి అని రాయాలి. సంఘం అడిగిన రోజున, వ్యాపారి ప్రమేయం లేకుండా, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే మామూలు పట్టికగా అవి బయటికి రావాలి. స్లిప్పు మీద కొలమానం, వాడిన సూత్రం, పూట, సంవత్సరంతో సహా తేదీ ఉండాలి. సమాఖ్య ఏ నమూనాలో లెక్క తీసుకుంటుందో ఆ నమూనాలో పంపగలనని వ్యాపారి సంతకం చేయాలి. చేయనంటే ధర తక్కువైనా ఆ యంత్రం వద్దు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదీ లేనిదీ చూడడం మామూలే, అది మరవకండి. సమాఖ్యవారికి కూడా ఒక మనవి. మీ నమూనా, మీ సూత్రం, మీ కోడ్ల పట్టిక ఒక కాగితం మీద అచ్చువేసి ప్రతి సంఘం నోటీసు బోర్డుకు పంపండి. సంఘాలు ఏ కంపెనీ యంత్రమైనా కొనుక్కోనివ్వండి. అందరిచేతా ఒకే దుకాణంలో కొనిపించడం ప్రమాణం అనిపించుకోదు.

భోజనాల తరువాత రెండున్నరకు మళ్లీ కూర్చుందాం. కార్యదర్శులు తెచ్చిన గత పదిహేను రోజుల స్లిప్పులు ఒక పక్క, శీతల కేంద్రం రసీదులు ఒక పక్క పెట్టి, కొలమానం, సూత్రం, సభ్యుల కోడు మూడూ సరిచూద్దాం. తేడా కనబడిన సంఘాల జాబితా సాయంత్రానికి తయారుచేసి సమాఖ్య మేనేజరు గారికి ఇక్కడే అందజేస్తాం.